ముందు చవకైనది

సెప్టెంబర్ 21, శనివారం

ఈ డైరీ 2013 నాటిది. మందుల కంపెనీ వాళ్ళు ఇచ్చారు. అప్పుడు రాయలేదు, పారేయనూ లేదు. ఈ ఏడాది తేదీలూ వారాలూ దానితో సరిగ్గా కలిశాయి. ఆరేళ్ళు బీరువాలో దాచానని మా ఆయన మియోద్రాగ్ నవ్వాడు. పిసినారుల ఊరని దేశమంతా చెప్పుకునే పిరోట్‌లో పుట్టినవాడు నవ్వాల్సిన విషయం కాదిది.

కారు మాట వినడం లేదు. స్టీరింగ్ సమంగా పట్టుకుంటే కుడికి పోతుంది. నేరుగా పోవాలంటే స్టీరింగ్‌ని ఎడమకి తిప్పి పట్టుకోవాలి. రోజుకు ఎనభై కిలోమీటర్లు కొండ ఊళ్ళు తిరిగి ముసలివాళ్ళ బీపీలు చూసే నర్సుని నేను. సాయంత్రానికి భుజం పీకేస్తోంది.

పోయిన శనివారమే మామయ్య అలైన్‌మెంట్ చేశాడు. మా మామగారు స్తానిమీర్ టైర్ల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. పెరట్లో నీళ్ళ గొట్టంతో మట్టం చూసుకుని తనే పోసిన సిమెంటు గచ్చు ఉంది. దాని మీద కారు నిలబెట్టి, రెండు పక్కలా దారం లాగి కడతాడు. చక్రం ముందంచు దారానికి ఎంత దూరం, వెనకంచు ఎంత దూరం అని చూస్తాడు. ఆ తేడా పేరే టో. అది తప్పితే టైరు దొర్లుతూనే రోడ్డుని గీరుకుంటుంది, నెలల్లో అరిగిపోతుంది. మా వీధిలో అలైన్‌మెంట్ మెషిన్ దగ్గరికి ఎవరూ వెళ్ళరు. మామయ్య ఉండగా మూడు వేల దినార్లు తగలేసేది ఎవరు? ఆయన పైసా తీసుకోడు. మహా అయితే ఒక సీసా ప్లమ్ సారా.

సంగతి చెప్తే, నర్సమ్మా, ముందు చవకైనది చూడాలి అన్నాడు. ఇది ఆయన ఇంటిల్లిపాదికీ చెప్పే పాఠం. టైర్లలో గాలి చూడ్డానికి ఖర్చు లేదు, ముందు అది. ముందు చక్రాలు రెండూ అటుదిటు మార్చి చూడ్డానికీ ఖర్చు లేదు, తర్వాత అది. ఆ తర్వాత జాయింట్లు అరిగాయేమో కదిపి చూడు. డబ్బు తీసేది ఆఖర్న. జాయింటు ఊగుతుండగా అలైన్‌మెంట్ చేయించేవాడు చిల్లు బకెట్టుకి రంగు వేయించేవాడితో సమానమట.

రేపు గాలి చూస్తాను. పెరట్లో చలికాలం పచ్చడికి ఎర్ర మిరపకాయలు కాల్చీ కాల్చీ జుట్టంతా పొగ వాసన.

సెప్టెంబర్ 24

గాలి రెండు పక్కలా ఒకేలా ఉంది. కారు మాత్రం కుడికే.

సెప్టెంబర్ 29, ఆదివారం

చక్రాలు మార్చాం. తప్పు టైరుదైతే ఇప్పుడు ఎడమకి లాగాలి. లాగలేదు. మియోద్రాగ్ కారు కింద దూరి జాయింట్లు కదిపి చూశాడు. గట్టిగా ఉన్నాయి.

టైరు మీద అరచేత్తో లోపల్నుంచి బయటికి నిమిరితే నున్నగా ఉంది, బయట్నుంచి లోపలికి నిమిరితే చేతికి గరుగ్గా తగిలింది. చిన్న చిన్న పళ్ళు లేచినట్టు. అలా ఉంటే టో తప్పినట్టే అని నాకు నేర్పింది మామయ్యే. ఆయన కూడా నిమిరి చూశాడు.

మళ్ళీ దారాలు కట్టాడు. మునుపు స్టీలు స్కేలు పెట్టి అర మిల్లీమీటరు దాకా చదివేవాడు. ఈ వేసవి నుంచి స్కేలు తీయడం లేదు. ఎందుకని అడిగితే, అది నేర్చుకునేవాళ్ళకి, నాకు కన్ను చాలు అన్నాడు. డెబ్బై నాలుగేళ్ళకి ఇంత పొగరు ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకున్నాను. గచ్చు మీద కూర్చుని, ఎడమ కన్ను మూసి, దారం వెంట చాలాసేపు చూశాడు. లేచాక, దారం సాగిపోయింది, కొత్తది కావాలి అన్నాడు. ఆయన నోట కొత్తది కావాలి అన్న మాట నేను వినడం ఇదే మొదటిసారి.

అక్టోబర్ 5

కొత్త దారం వచ్చింది. పాతది చిక్కుడు తీగకి కట్టాడు. అలైన్‌మెంట్ అయింది. కారు ఇంకా నేరుగా పోవడం లేదు, ఇప్పుడు ఒక భుజానికి తోడు రెండోదీ నొప్పి.

అక్టోబర్ 9, బుధవారం

వంటింటి తలుపు చట్రం వంగిందని మామయ్య పట్టుబట్టాడు. భూకంపం ఏమైనా వచ్చిందేమో, మీరు నిద్రమొద్దులు, మీకు తెలీదు అన్నాడు. మియోద్రాగ్ దారానికి తూకం గుండు కట్టి వేలాడదీసి చూపించాడు. చట్రం నిటారుగానే ఉంది. నీ గుండే వంకర అన్నాడు మామయ్య. మియోద్రాగ్ పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. తొమ్మిది ఊళ్ళు తిరిగొచ్చిన రోజు, నవ్వొచ్చినందుకు సంతోషించాను కూడా.

అక్టోబర్ 17, గురువారం

వాన. టెమ్‌స్కా ఊరి పైన మలుపులో కారు నా చేతిలోంచి జారింది. ఒక్క క్షణం. ముందు చక్రాలు చెరో దారీ పట్టినట్టనిపించింది. రాళ్ళ అంచుకి జానెడు దూరంలో ఆగాను. వెనక సీట్లోంచి టీకాల డబ్బా ఎగిరి నా భుజానికి తగిలింది. పది నిమిషాలు కారు దిగలేకపోయాను. దిగి చూస్తే ముందు టైర్లు రెండూ లోపలి అంచున నున్నగా అరిగిపోయాయి. బయటినుంచి చూస్తే కొత్తవే.

మెషిన్ దగ్గరికి వెళ్ళు అన్నాడు మియోద్రాగ్. నాన్నకి చెప్పకు అని వెంటనే తగిలించాడు. డబ్బు గురించి ఆలోచించాను, అబద్ధం ఎందుకు. కానీ డబ్బు కాదు అసలు అడ్డం. ఆ గచ్చు తప్ప ఆయనకి వేరే ఏముంది? అత్తయ్య పోయాక పొద్దున్న లేచి ముఖం కడుక్కునేది ఎవరో ఒకరి కారు వస్తుందనే. నీ చేతిపని తప్పు అని ఆయనతో అనడానికి నాకు నోరు రాలేదు. జబ్బులు ముఖం మీదే చెప్పే నోరు ఇది, ఇంట్లో మాత్రం పెగల్లేదు.

అక్టోబర్ 22, మంగళవారం

డ్యూటీ మధ్యలో దొంగలా వెళ్ళాను. వుకాషిన్ షెడ్డు నది అవతల. కారు ఎక్కించి, చక్రాలకి కొలత తీసే అద్దాలు తగిలించి, కంప్యూటర్ చూసి ఈల వేశాడు. కుడి చక్రం దాదాపు నేరుగా ఉంది, ఎడమది ఏడు మిల్లీమీటర్లు బయటికి తిరిగి ఉంది. ఇన్నాళ్ళూ ఎలా నడిపావు అక్కా, బుల్డోజరు లైసెన్సు ఉందా అన్నాడు.

మనిషి మంచివాడు. ఈ కారులో సరిచేయగలిగింది ముందు చక్రాల టో ఒక్కటే, మిగతావన్నీ చూస్తాం అని ఎవడైనా ఎక్కువ అడిగితే ఇవ్వకు అన్నాడు. చలికాలం టైర్లు వేసినప్పుడల్లా చేయించక్కర్లేదట. చక్రం మారితే కోణం మారదు. గట్టి గుంతలో పడితేనో, జాయింటు మారిస్తేనో రమ్మన్నాడు. ముందూ తర్వాతా లెక్కలున్న కాగితం ఇచ్చాడు. కాగితం ఇవ్వనివాడికి డబ్బు ఇవ్వకు అని కూడా చెప్పాడు.

తర్వాత అసలు మాట అన్నాడు. మీ వీధి నుంచి నువ్వు ఆరోదానివి అక్కా.

ఎవరెవరని అడిగాను. టాక్సీ తోమిస్లావ్, ఆగస్టులో. జాగోర్కా టీచరు. బేకరీ రాదిశా రెండుసార్లు. చివరింటి అన్నదమ్ములు, చెరో కారుతో. మామయ్య దగ్గర ఊరికే చేయించుకుంటారు, ఆయన చేయి పట్టుకుని థాంక్స్ చెప్తారు, వారం తిరక్కుండా ఇక్కడికొచ్చి డబ్బిచ్చి సరిచేయించుకుంటారు. ఒక్కొక్కళ్ళూ గంటసేపు బేరమాడారట. పోయేముందు అందరూ ఒకటే మాట, స్తానిమీర్‌కి తెలియనివ్వకు.

తోమిస్లావ్ కాఫీకి పిలిచి, నీళ్ళు మరగకముందే పొయ్యి కట్టేసే రకం. అతను మూడు వేలు పెట్టాడు. నా మూడు వేలు ఇచ్చి, నేనూ అదే మాట చెప్పాను.

కారు నేరుగా ఇంటికి వచ్చింది. ఒక వేలితో నడిపాను. దారి పొడుగునా, మా వీధివాళ్ళు ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. అంతే అనుకున్నాను. ఇంకేమీ తట్టలేదు.

అక్టోబర్ 23

మామయ్య సందు చివరిదాకా కారు నడిపి వచ్చాడు. చూశావా, నా చేయి ఎక్కడికి పోతుంది అన్నాడు. ఎక్కడికీ పోదు మామయ్యా అన్నాను.

నవంబర్ 1, శుక్రవారం, ఉదయం 5

నిన్న మా ఇంటి స్లావా, అంటే ఇంటిని కాచే సాధువు పండగ, సెయింట్ లూకా రోజు. పిలవకుండానే అందరూ వచ్చే పండగ కాబట్టి వీధంతా వచ్చింది. కొవ్వొత్తి, గోధుమల ప్రసాదం, రొట్టె, ఎండు సాసేజీ ముక్కలు. సారా పోయడం ఇంటి పెద్ద పని. మామయ్య సీసా పట్టుకుని బల్ల చుట్టూ వచ్చాడు.

తోమిస్లావ్ గ్లాసు పక్కన పోశాడు. బల్ల మీద. ధార ఆగలేదు, గ్లాసులో పడుతోందనే అనుకుంటున్నాడు. తోమిస్లావ్ చప్పుడు కాకుండా గ్లాసుని ధార కిందికి జరిపాడు. తర్వాత జాగోర్కా టీచరు తన గ్లాసుని ముందే చేత్తో ఎత్తి పట్టుకుంది. రాదిశా కూడా అంతే. టీచరు బల్ల మీది సారాని తన చేతిరుమాలుతో తుడిచింది. అందరూ ఎంత తీరుగా చేశారంటే, ఇది వాళ్ళకి మొదటిసారి కాదని తెలిసిపోయింది.

అప్పుడు తట్టింది. స్కేలు. దారం. తలుపు చట్రం. నిటారు గీత వంకరగా కనిపించడం. ఊళ్ళో ఎవరైనా ముసలమ్మ ఈ ముక్క అంటే ఆ రోజే జీపెక్కించి నీష్ పెద్దాసుపత్రికి పంపేదాన్ని. ఇరవై ఏళ్ళుగా అదే నా పని. ఇంట్లో విని నవ్వాను.

రాత్రంతా నిద్ర లేదు. ఆయన ఆరింటికి లేస్తాడు.

అదే రోజు, మధ్యాహ్నం

గళ్ళ నోటుబుక్కు కాగితం చింపి, మధ్యలో పెన్నుతో చుక్క పెట్టి ఆయన ముందు పెట్టాను. ఒక కన్ను మూసుకుని చుక్కనే చూడండి, గళ్ళు ఎలా ఉన్నాయో చెప్పండి అన్నాను. ఎడమ కన్ను మూశాడు. చాలాసేపు చూశాడు. ఇదీ వంకరే అన్నాడు.

కుడి కన్ను మూశాడు. అక్కడక్కడ అలలున్నాయి, కానీ చుక్క కనిపిస్తోంది అన్నాడు. అయితే ఇందాక చుక్క కనిపించలేదా అని అడిగాను. చుక్క ఉందా అన్నాడు.

తర్వాత తనంతట తనే చెప్పాడు. జులైలో, పేత్రోవ్‌దాన్ పండగ దాటాక మొదలైందట. దారం నడుమ వంపు కనిపించింది. బిగించి కట్టాడు. వంపు పోలేదు. దారం కట్టే పైపుల మీద అనుమానం వచ్చింది, తిప్పి పెట్టాడు. గచ్చు కుంగిందేమో అని మేమంతా పనికి వెళ్ళాక గొట్టంలో నీళ్ళు పోసి మట్టం చూశాడు. కుంగలేదు. కళ్ళద్దాలు సబ్బుతో కడిగాడు. దారం కొత్తది తెచ్చాడు. చివరికి తలుపు చట్రం కూడా వంగి కనిపించేసరికి ఇల్లే కదిలిందేమో అనుకున్నాడు.

కన్ను అని ఎందుకు అనుకోలేదు మామయ్యా అన్నాను. అనుకోకపోవడమేంటి అన్నాడు. వరసలో ఉంది. కన్ను ఖరీదైంది కదా, ఆఖర్న పెట్టాను.

నవంబర్ 4, సోమవారం

నీష్. కంటి డాక్టరమ్మ నాకంటే చాలా చిన్నది. కుడి కంటి నడిమధ్యలో మచ్చ కట్టేసింది, అది ఇక రాదు అంది. ఎడమ కంట్లో మొదలైంది, ఇంజెక్షన్లు ఇచ్చి ఆపడానికి చూస్తాం అంది. ఎప్పట్నుంచి ఇలా ఉందని అడిగింది. జులై అన్నాడు. ఆమె కలం పక్కన పెట్టింది. జులైలో, పోనీ ఆగస్టులో వచ్చినా కుడి కంటిని చాలావరకు నిలబెట్టేవాళ్ళం అంది.

ఇంట్లో ఆయన్ని ఎవరు చూసుకుంటారని అడిగింది. నేనే అన్నాను. ఏం చేస్తారు మీరు అంది. నర్సుని అన్నాను. ఆమె ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

కంట్లో సూది గుచ్చుతారని చెప్తే, రెండు కళ్ళకీ కలిపి ఒక్కటి సరిపోదా అని మామయ్య అడిగాడు. ఆ పిల్ల నవ్వింది. నేను బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆగస్టులో తోమిస్లావ్ వుకాషిన్ దగ్గరికి వెళ్ళాడు. ఆగస్టులోనే.

నవంబర్ 6

జాగోర్కా టీచరు ఇంటికి వెళ్ళి అరిచాను. మీకు తెలుసు, మీ అందరికీ తెలుసు, ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది అన్నాను. ఆమె నన్ను కూర్చోమనలేదు, తనూ కూర్చోలేదు. రెండుసార్లు మీ గేటు దాకా వచ్చానమ్మా అంది. ఆయన గచ్చు కడుగుతున్నాడు, ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నా కారు చూడగానే, వచ్చిందయ్యా నా పేషెంటు అన్నాడు. ఎలా చెప్పను అంది.

తర్వాత మెల్లగా అడిగింది. నువ్వు వుకాషిన్ దగ్గరికి వెళ్ళింది ఇరవై రెండున కదా దోబ్రిలా. స్లావా దాకా నువ్వెందుకు చెప్పలేదు?

ఇంటికి వచ్చేశాను. తొమ్మిది రోజులు. లెక్కపెట్టాను.

నవంబర్ 8

మొదటి ఇంజెక్షన్. ఎడమ కన్ను. ధైర్యంగా ఉన్నాడు. దారిలో కారు బాగా పోతోంది అన్నాడు.

నవంబర్ 17, ఆదివారం

చలికాలం టైర్ల రోజులు. ప్రతి ఏడూ ఈపాటికి పెరట్లో కార్లు వరస కట్టేవి. ఈసారి గేటు చప్పుడు లేదు. మామయ్య గచ్చు మీద కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద దుప్పటితో కూర్చున్నాడు. నన్ను పిలిచి, ఎంతమంది వెళ్ళారు అని అడిగాడు.

ఎక్కడికని అడగబోయాను. ఆపేశాను. ఈ ఇంట్లో ఇక ఒక్క అబద్ధం కూడా ఆడలేను. వుకాషిన్ దగ్గరికి నాతో కలిపి ఆరుగురు మామయ్యా అన్నాను. అంటే ఆరు కాదు, లెక్క వేస్తే ఏడు సార్లు. రాదిశా రెండుసార్లు.

ఒక్కో దానికి ఎంత తీసుకున్నాడు అన్నాడు. మూడు వేలు. పెదాలు కదిపి లెక్క కట్టాడు. ఇరవై ఒక్క వేలు, అన్నాడు. తోమిస్లావ్ కూడానా? తోమిస్లావ్ కూడా. జాగోర్కా, ఆ పింఛనులోంచి? అవును మామయ్యా.

కంటి గురించి డాక్టరమ్మ చెప్పినప్పుడు చెక్కుచెదరని మనిషి. ఇది విని ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. నేను దగ్గరికి వెళ్ళబోతే చేత్తో ఆగమన్నాడు. మీరు బాధపడతారనే ఎవరూ చెప్పలేదు మామయ్యా, మీరంటే అందరికీ ప్రాణం అన్నాను. నా చెవికే ఆ మాట పేలవంగా వినిపించింది.

తర్వాత తల ఎత్తాడు. మాటకి ఖర్చు లేదు కదమ్మా, అది ఎందుకు దాచుకున్నారు అన్నాడు. తిట్టినట్టు అనలేదు. నిజంగా అర్థం కాక అడిగాడు. ఖర్చు లేనిదాన్ని ఎవరైనా ఎందుకు మిగుల్చుకుంటారో ఆయనకి తెలియడం లేదు.

నేను నర్సమ్మని కాదు ఇవాళ, అమ్మని. అలా పిలవడం ఆయనకి అలవాటు లేదు. దుప్పటి సర్ది లోపలికి వచ్చేశాను.

నవంబర్ 24

వీధివాళ్ళు ఒక్కొక్కళ్ళే వస్తున్నారు. తోమిస్లావ్ వచ్చి గంటసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. లేచేటప్పుడు, నేను గాడిదని, స్తానిమీర్, అన్నాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు, అది చూడ్డానికి కన్ను అక్కర్లేదు అన్నాడు మామయ్య. ఇద్దరూ నవ్వలేదు. తోమిస్లావ్ మళ్ళీ కూర్చున్నాడు. ఇంకో గంట లేవలేదు.

నాతో మామయ్య మామూలుగానే ఉన్నాడు. అదే నాకు భరించడం కష్టంగా ఉంది.

డిసెంబర్ 10, మంగళవారం

నిన్న రెండో ఇంజెక్షన్. ఎడమది ఆగలేదు, నెమ్మదించింది అంతే అంది డాక్టరమ్మ.

పొయ్యి మీద చిక్కుడు గింజలు పెట్టి గరిటె తిప్పుతున్నాను. మామయ్య గుమ్మంలో నిలబడి నా చెవి వైపు చూస్తున్నాడు. చెవికి ఏమైందని తడుముకున్నాను. నీ ముఖం మీదికి చూస్తే అక్కడ ఏమీ ఉండదు, పక్కకి చూస్తే ఉంటుంది అన్నాడు. ఇప్పుడు ఉన్నావు, కదలకు అన్నాడు.

నీళ్ళు ఇంకి గింజలు అడుగంటాయి. మాడు వాసన వచ్చింది. పొగ కూడా వచ్చింది. కదల్లేదు.